మూడో పిలుపు

షిఫ్టు మొదటి రోజు, బుధవారం

ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చిన ఈ పుస్తకంలో పంపుల సంగతులు మాత్రమే రాయాలట. సరే, రాస్తున్నాను. నాలుగో పంపు ఎప్పటిలాగే మూలుగుతోంది. రెండో జల్లెడకు ఉప్పు గడ్డకట్టింది, కొట్టి దులిపాను. సముద్రపు నీళ్ళు లోపలికి పోతున్నాయి, మంచినీళ్ళు బయటికి వస్తున్నాయి. ఇంతకు మించి పంపుల గురించి రాయడం ఎవరి తరమూ కాదు. మిగిలిన జాగా నాది.

పొద్దున పడవ ఎక్కేటప్పుడు పోటు మీద ఉంది సముద్రం. మా ఊరిని మోసే తేలే దిమ్మ మొత్తం గొలుసుల మీద లేచి కీచుమంటోంది. మా అమ్మమ్మ చిన్నప్పుడు సరిగ్గా ఈ చోటే వరి పండేదట. ఇప్పుడు దాని మీద ఊరికి ఊరే తేలుతోంది. ఈ కీచులాట అలవాటు లేనివాళ్ళు వచ్చి పడుకుంటే, ఊరు తెగిపోయి కొట్టుకుపోతోందేమోనని లేచి కూర్చుంటారు.

మునసబు రేవు దాకా వచ్చాడు. మునసబు నా కుక్క. దిమ్మ మీద ప్రతి గుమ్మం ముందూ ఆగి, వాసన చూసి, తీర్పు చెప్పినట్టు ఒకసారి తుమ్మి ముందుకు పోతాడు, అందుకే ఆ పేరు పెట్టాను. పడవ కదిలింది కానీ వాడు కదల్లేదు. షిఫ్టు అయి ఇంటికి వెళ్ళేదాకా ఇక వాణ్ణి చూసుకోవడం ఈ చేతిపట్టీ తెర మీదే.

సాయంత్రం నిశ్చింత కంపెనీ వాళ్ళ కబురు వచ్చింది. వాడి మెడపట్టీ వాళ్ళదే. మునసబు రెండు పూటలా తిన్నాడు, గిన్నెడు నీళ్ళు తాగాడు, గుండె కుదురుగా కొట్టుకుంటోంది, మనసు మాత్రం కొంచెం దిగులుగా ఉంది అని రాశారు. కుక్క మనసు సంగతి పట్టీకి ఎలా తెలుస్తుందో నాకు తెలియదు. కానీ దిగులుగా ఉన్నాడని చదివి సిగ్గులేకుండా సంతోషించాను.

మూడో రోజు, శుక్రవారం

జెల్లీచేపల దండు వచ్చి పెద్ద గొట్టం మూతికి అతుక్కుంది. పొద్దంతా పారలతో లాగుతూనే ఉన్నాం. మోచేతుల దాకా మంటలు.

మధ్యాహ్నం ఇందుతో మాట్లాడాను. ఇందుమతి నా చెల్లెలు. అమ్మ పోయేనాటికి దానికి జడ వేసుకోవడం కూడా రాదు. నేనే పెంచాను, నేనే పెళ్ళి చేశాను. ఇప్పుడు దానికి ఏడో నెల. దాని మొగుడు భాస్కరం సరుకు పడవల మీద తిరుగుతాడు, ఇంట్లో ఉండేది చుట్టపుచూపుగానే. మునసబు ఎలా ఉన్నాడే అంటే, నీ కొడుక్కేం, నా పళ్ళెంలో చేప ముక్క కూడా వాడికే కావాలి అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి నీళ్ళ మాట ఎత్తింది.

దిమ్మ మీద మనిషికో వాటా మంచినీళ్ళు, కుక్కకు అర వాటా. కొత్తగా పుట్టే బిడ్డకూ అర వాటాయే, కాకపోతే ఎవరిదైనా ఖాళీ అయితేనే ఇస్తామని పంచాయతీ వాళ్ళు తేల్చి చెప్పారు. అప్పటిదాకా తల్లి వాటాలోనే సర్దుకోవాలట. పాలిచ్చే తల్లి నీళ్ళలో సర్దుకోవడమేమిటో ఆ పంచాయతీలో ఒక్కడికీ తట్టలేదు. నేను వచ్చాక చూద్దాంలేవే అన్నాను.

చూసేదేమీ లేదు, నేను ఎప్పుడో అనుకున్నాను. నా వాటాలో సగం దాని బిడ్డకు రాసేస్తాను. పురిటి రోజున చెప్పి దాన్ని కాసేపు ఏడిపించాలని నా సరదా. అందుకే ఈ షిఫ్టు మొదలైన దగ్గర్నుంచీ సగం నీళ్ళతోనే గడుపుతున్నాను. మధ్యాహ్నం వేళకు నాలుక అట్టముక్కలా అయిపోతోంది. అలవాటవుతుంది.

సాయంత్రం పిలుపు పెట్టె మీద మునసబుతో కాసేపు గడిపాను. మెడపట్టీతో పాటే ఇచ్చారు ఈ పెట్టె, ఇంట్లో గోడకు ఉంటుంది. బిగించిన రోజున నా చేత వాడి పేరు పిలిపించి, ఆ గొంతును దాచుకున్నారు. ఇక్కడ నేను నొక్కితే అక్కడ నా గొంతు పిలుస్తుంది. ఇంట్లో ఉన్నవాళ్ళు మీట నొక్కినా పిలుస్తుంది. ఎటు నుంచి నొక్కినా ఒక నొక్కుకు ఒక పిలుపు.

కంపెనీ నుంచి బిగించడానికి వచ్చిన మెకానిక్కు ఆ రోజు బాగా అయింది. మీట నొక్కాడు, మునసబు చెవులు లేపి ఊరుకున్నాడు. మళ్ళీ నొక్కాడు, లేచి నిలబడ్డాడు కానీ రాలేదు. మీ కుక్క మీ గొంతు గుర్తుపట్టడం లేదండీ, మళ్ళీ పిలిచి చూపించండి అన్నాడు. ఇంకోసారి నొక్కవయ్యా అన్నాను. నొక్కాడు. మునసబు పరుగెత్తుకొచ్చి పెట్టె కింద గోడను నాకాడు. పక్కనే ఉన్న ఇందు పొట్ట పట్టుకుని నవ్వింది.

అది మా అమ్మమ్మ పెట్టిన అలవాటు. చీకటి పడ్డాక బయటినుంచి ఎవరు పేరు పెట్టి పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదని ఆమె శాసనం. అయినవాళ్ళ గొంతుతో దెయ్యం కూడా పిలుస్తుంది, కానీ రెండుసార్లకు మించి పిలిచే శక్తి దానికి లేదు, మూడోసారి పిలిచిందంటే మనిషే అనేది. దిమ్మ మీద ఇప్పుడీ మాట ఎవరికీ గుర్తులేదు. మా ఇంట్లో మాత్రం పగలైనా, అన్నానికి పిలిచినా మూడోదానికే లేస్తాం. మా మధ్య పెరిగిన కుక్క కూడా అదే నేర్చుకుంది. మేము నేర్పలేదు, మమ్మల్ని చూసి నేర్చుకున్నాడు.

ఈ సాయంత్రం కూడా మూడుసార్లు నొక్కాను. చెక్క నేల మీద వాడి గోళ్ళ చప్పుడు, తర్వాత పెట్టెకు ముక్కు ఆనించి పీల్చిన ఊపిరి వినిపించాయి. రోజంతా పడ్డ మంట అంతటితో పోయింది.

ఐదో రోజు, ఆదివారం

తొట్టి కడిగే రోజు. పొద్దున దిగి సాయంత్రం దాకా ఇనప గోడల మధ్యే ఉన్నాం. చేతిపట్టీ బయటే పెట్టి దిగాలి, లోపల అది పనిచేయదు.

పైకి వచ్చి చూస్తే కబురు ఉంది. మునసబు సంతోషంగా ఉన్నాడు, తిన్నాడు, తాగాడు, కునుకు తీశాడు అని. దిగులు మాట లేదు. నిన్నటిదాకా దిగులుగా ఉన్నవాడు ఒక్క ఆదివారంతో నన్ను మరిచిపోయాడా వెధవ అనుకున్నాను. కొంచెం ఉక్రోషంగా ఉంది కానీ, పోనీలే, వాడైనా సుఖంగా ఉన్నాడు.

ఏడో రోజు, మంగళవారం

నాలుగో పంపు మూలగడం మానేసింది. ఆగిపోయింది కూడా. బాగుచేసేసరికి మధ్యాహ్నమైంది. గాలి కోసం పైమెట్టు ఎక్కితే పడమట దిమ్మ మీద ఆకాశం నల్లగా ఉంది. ఉరుములు ఇక్కడికే వినపడుతున్నాయి. అక్కడ ఇంకెలా ఉందో.

మునసబుకు లోకంలో భయమంటూ ఉంటే అది ఉరుమే. ఎంత తీర్పులు చెప్పేవాడైనా ఉరిమితే ఇందు మంచం కిందికి దూరి, గోడ మూలకు నక్కి, పిలిచినా రాడు, నీళ్ళు కూడా ముట్టడు. వాన వెలిసిన తర్వాత కూడా చాలాసేపు గుండె దడదడలాడుతుంది. నేను పెట్టే చెయ్యి కిందే కదా అది కొట్టుకునేది, నాకు తెలుసు.

తెర చూశాను. మునసబు హాయిగా నిద్రపోతున్నాడని ఉంది. గుండె కుదురుగా ఉంది. గిన్నెడు నీళ్ళు తాగాడు.

ఇందుకు ఫోను చేశాను. ఉరుముల మధ్య దాని గొంతు సరిగా వినపడలేదు కానీ, నా మంచం కిందే ఉన్నాడక్కా, ఒణికిపోతన్నాడు పాపం అంది. తల నిమరవే అన్నాను. నిమురుతున్నా అంది.

అంటే యంత్రం అబద్ధం చెబుతోంది. దాని మొహం మండ. ఇన్నాళ్ళూ దాని మాటలు నమ్మి ఉబ్బిపోయినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఇందు పక్కన ఉంది కాబట్టి సరిపోయింది. ఎన్ని పట్టీలు కట్టినా ఇంటి మనిషి చూసుకున్నట్టు ఉంటుందా?

ఎనిమిదో రోజు, బుధవారం

నిశ్చింత వాళ్ళను కడిగేద్దామని ఫోను చేశాను. ఒక తీయని గొంతు పలికింది. నువ్వు మనిషివా యంత్రానివా అని మొదటే అడిగాను. మీకు ఏది హాయిగా ఉంటే అదేనమ్మా అంది. నాకు హాయిగా ఉండక్కర్లేదు, ఉరుముకు చచ్చేంత భయపడే కుక్క నిన్న హాయిగా నిద్రపోయాడని ఎలా రాశావో చెప్పు అన్నాను.

కాసేపు ఏదో వెతుక్కుంది. తర్వాత, అదే తీయదనంతో చెప్పింది. పట్టీ నుంచి సమాచారం అందనప్పుడు పాత రోజుల్ని బట్టి అంచనా వేసి చూపిస్తారట. ఖాళీగా వదిలేస్తే పెంచుకునేవాళ్ళు కంగారు పడతారట.

"ఎప్పట్నుంచి అందడం లేదు?"

"ఆదివారం మధ్యాహ్నం నుంచమ్మా. ఈ మూడు రోజులూ మీరు కంగారు పడకుండా ఉన్నారు కదా?"

ఫోను పెట్టేశాను. తిట్టడానికి కూడా ఓపిక రాలేదు. నా కుక్క గురించి మూడు రోజులుగా నేను చదివినవన్నీ పాత సోమవారాలూ పాత మంగళవారాలూ. ఎప్పుడో తాగిన నీళ్ళను మళ్ళీ తాగించారు.

పట్టీ చెడిపోయి ఉంటుందనే అనుకున్నాను. ఇందుకు ఫోను చేసి, పట్టీ చెడిపోయిందటే, వాణ్ణి ఒక్కసారి తెర ముందుకు తీసుకురా అన్నాను. ఇప్పుడే బయటికి పోయాడంది. కాసేపాగి చేస్తే, మాగన్నుగా పడుకున్నాడు లేపకు అంది. మూడోసారి చేసినప్పుడు, పట్టీ వదులైతే నేనే తీసేశానక్కా, దానికెందుకంత ఇదవుతావ్ అంది. ఒక్క ప్రశ్నకు మూడు రకాలుగా చెప్పింది. మా ఇందు చిన్నప్పుడు చక్కెర తిని మూతి తుడుచుకోకుండా కూడా ఇంతకన్నా బాగా అబద్ధమాడేది.

చేతిపట్టీ తీసుకుని పిలుపు మీట నొక్కాను. మునసబూ అని నా గొంతు అక్కడ పలకడం ఇక్కడికి వినిపించింది. ఆగి రెండోసారి నొక్కాను. మళ్ళీ ఆగి మూడోసారి.

గోళ్ళ చప్పుడు లేదు. వంటింట్లో గిన్నెలో గరిట తిరుగుతున్న చప్పుడు మాత్రం ఉంది. మూడో పిలుపుకు అది ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు. అక్కడ ఇందు ఉంది, నేను వింటున్నానని దానికి తెలుసు.

మేస్త్రికి చెప్పాను, షిఫ్టు మధ్యలో పోతే కూలి పోతుందన్నాడు. పోనీ అన్నాను.

తొమ్మిదో రోజు, గురువారం

ఉప్పు పడవలో వచ్చాను. దారంతా మూటల మధ్య కూర్చుని, గొలుసుల సందులో కాలు ఇరుక్కుందేమో, నీళ్ళలో పడ్డాడేమో, నేను లేనప్పుడు పోయాడని చెప్పలేక దాచిందేమో అని ఇందు తరఫున నేనే సాకులు వెతికాను. చచ్చిపోయి ఉంటాడని ఏడుస్తూ కూడా దాన్ని తప్పుపట్టలేదు.

రేవులో వలలు ఆరేస్తున్న కోటయ్య బాబాయి కనిపించాడు. మా పక్క గది ఆయనదే, మధ్యలో ఒక్క చెక్క గోడ. మునసబు ఏమయ్యాడు బాబాయ్ అని అడిగితే నన్ను వింతగా చూశాడు.

"అదేంటమ్మా అట్టా అడుగుతావ్. ఆదివారం నువ్వే గదా పిలిచింది. మూడు మాట్లు పిలిచావ్, నా సెవులారా ఇన్నా. షిఫ్టు మజ్జిలో వచ్చావేమో అనుకున్నా. మొదటి రెండు మాట్లకీ రాలా. మూడో మాటుకి బయటికొచ్చాడు, పంచాయతీ వోళ్ళు వలేసి పట్టుకుపోయారు. అంత పెంచుకుని ఎట్టా అప్పజెప్పిందిరా ఈ భ్రమరమ్మ అనుకున్నా."

"వచ్చేటప్పుడు ఎలా వచ్చాడు బాబాయ్?"

"ఎట్టా ఏంటమ్మా. తోకూపుకుంటానే వచ్చాడు."

ఎవరు చేశారని ఇక ఎవరినీ అడగక్కర్లేదు. పంచాయతీ వాళ్ళు వచ్చి మీట నొక్కితే ఒకసారి నొక్కుతారు, మహా అయితే రెండుసార్లు. ఆ మెకానిక్కులాగే కుక్క రావడం లేదని వదిలేస్తారు. ఇంకోసారి నొక్కాలని తెలిసినవాళ్ళు ఈ దిమ్మ మీద ఇద్దరమే.

ఇంటికి వెళ్ళాను. ఇందు గుమ్మంలోనే నిలబడి ఉంది. పడవ వచ్చింది చూసే ఉంటుంది. మెడపట్టీ పెట్టె కింద కొక్కేనికి వేలాడుతోంది. మునసబు నీళ్ళ గిన్నె బోర్లించి ఉంది. నేను చెప్పులు కూడా విప్పలేదు.

కుక్కను వదులుకుంటే ఆ అర వాటా బిడ్డ పేరు మీదికి మారుస్తామన్నారట. ఆ ఇంటి మనిషి ఎవరు ఒప్పుకున్నా చాలట. ఆదివారం వాళ్ళు కర్రలు పట్టుకుని వస్తే, వాసన పసిగట్టి మునసబు మంచం కిందికి దూరాడట. వాళ్ళు కర్ర లోపలికి పెట్టి పొడవబోయారట. ఇదంతా ఇందు నేల చూస్తూ చెప్పింది.

"కొడతారని పిలిచానక్కా. నీ గొంతైతే బెదరకుండా వస్తాడని. రెండుసార్లు నొక్కాను. రాలా."

"మూడోసారి నొక్కావు."

"నొక్కాను."

మంగళవారం ఉరుముల్లో ఎవరి తల నిమిరావే అని అడిగాను. వాడు కుక్కే కావచ్చు, వాటా నీకు అవసరమే కావచ్చు, నన్నెందుకు అడగలేదన్నాను. నా వాటాలో సగం నీ బిడ్డకే ఇద్దామని వారం రోజులుగా దాహాన్ని చంపుకుంటున్నానే అన్నాను. ఇది విని కూలిపోతుందనుకున్నాను. తల ఎత్తింది.

"తెలుసక్కా. అడిగితే ఇస్తావని తెలుసు. నువ్వు పెట్టింది తిన్నా, నువ్వు విప్పిన చీరలు కట్టా, నువ్వు చూపించినోణ్ణే చేసుకున్నా. నా బిడ్డ కూడా నీ నీళ్ళే తాగాలా? తాగిన ప్రతిసారీ మీ పెద్దమ్మ చలవ అని చెప్పాలా? కుక్క వాటా అయితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

కడుపుతో ఉంది కాబట్టి చెయ్యి ఎత్తలేదు. ఎత్తినా ఏం లాభం. ఇన్నేళ్ళూ నేను ప్రేమ అనుకుని పోసిందంతా అది మోయలేని బరువని లెక్క కట్టుకుంటూ కూర్చుందని నాకు ఇప్పుడా తెలియాలి? ఆ మాట పెళ్ళికి ముందు చెప్పినా, నిన్న చెప్పినా పడేదాన్ని. నా గొంతుతో నా కుక్కను పిలిచాక చెప్పింది.

ఇది పంచాయతీ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. వాటా మారిపోయింది, వెనక్కి రాదన్నారు. కుక్కను గట్టుకు పంపేశారట. రేపు పొద్దున పడవ ఉంది.

పదో రోజు, శుక్రవారం

గట్టు అంటే పూర్వం సముద్రాన్ని ఆపడానికి వేసిన రాతి కట్ట. ఇప్పుడు దానికి రెండు వైపులా సముద్రమే. అయినా అది తెగితే అలల ధాటికి మా దిమ్మ గొలుసులు నిలవవు. అందుకని వదులుకున్న కుక్కలన్నిటినీ అక్కడ వదులుతారు. రాళ్ళ కింద నీళ్ళు చిమ్మితే అవి ముందు పసిగట్టి మొరుగుతాయట. వాటికి వాటా లేదు. వాన పడితే తొట్లలో నీళ్ళు, లేకపోతే లేదు. వేసవి దాటే కుక్కలు తక్కువని పడవవాడు చెప్పాడు.

గట్టు కాపలా చూసే సోములు చెయ్యి అందించి నన్ను పడవ దింపాడు. దూరంగా ఒక రాయి మీద మునసబు ఒక్కడే కూర్చుని సముద్రం చూస్తున్నాడు. చిక్కిపోయాడు. మెడ చుట్టూ పట్టీ ఉన్నచోట వెంట్రుకలు అరిగి తెల్లగా కనపడుతోంది. ప్రాణం లేచొచ్చింది. బతికే ఉన్నాడు, ఇంకేం కావాలి.

మునసబూ అని పిలిచాను. చెవులు లేచాయి. రెండోసారి పిలిచాను. లేచి నిలబడి నా వైపు తిరిగాడు. ఇక చేతులు చాపి మూడోసారి పిలిచాను.

తోక కాళ్ళ మధ్యకు ముడుచుకుని, పొట్ట నేలకు ఆనించి ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు. తర్వాత వెనక్కి తిరిగి గట్టు చివరికంటా పరుగెత్తాడు. నేను వెంట పరుగెత్తాను, పేరు పెట్టి పిలుస్తూనే పరుగెత్తాను. ఎంత పిలిస్తే అంత దూరం పోయాడు. చివర రాళ్ళ సందులోకి దూరి, లోపలినుంచి నా వైపు చూసి పళ్ళు బయటపెట్టాడు. పుట్టి నాలుగేళ్ళలో నా మీద ఒక్కసారి కూడా గుర్రుమనలేదు.

సోములు వచ్చి నన్ను వెనక్కి లాగాడు. అట్టా పిలవమాకమ్మా, పిలిస్తే సముద్రంలో దూకేట్టున్నాడు అన్నాడు.

వాడి తప్పేం లేదు. వాడికి పెట్టె తెలియదు, మీట తెలియదు, ఇందు వేలు తెలియదు. మంచం కింద భద్రంగా ఉన్నవాణ్ణి నేను పిలిచాను. రెండుసార్లు ఓపిక పట్టాడు. మూడోసారి కూడా పిలిచేసరికి నేనే అని నమ్మి, తోక ఊపుకుంటూ వచ్చాడు. వచ్చి వలలో పడ్డాడు. వాణ్ణి అప్పగించింది నేనే. ఎవరేం చెప్పినా వాడికి తెలిసిన నిజం అది.

మా అమ్మమ్మ బతికి ఉంటే ఆమెతో చెప్పాలి. దెయ్యం మూడోసారి పిలవడం కూడా నేర్చుకుంది అమ్మమ్మా, నేర్పింది మన పిల్లే.

గట్టు మీద, ఇక రోజులు లెక్క పెట్టడం లేదు

ఈ పుస్తకం ఫ్యాక్టరీకి తిరిగి ఇవ్వలేదు. అడిగితే సముద్రంలో పడిందని చెప్పమని పడవవాడితో అన్నాను. గట్టుకు రెండో కాపలా మనిషి కావాలని సోములు ఎప్పటినుంచో అడుగుతున్నాడట, ఇన్నాళ్ళూ ఎవరూ రాలేదు. నేను వచ్చాను.

పని తేలికే. పొద్దున కట్ట పొడుగునా నడిచి, కదిలిన రాళ్ళకు సున్నం గుర్తు పెట్టాలి. తొట్లలో నాచు గీకాలి. కుక్కలు ఎక్కడ మొరిగితే అక్కడికి పోయి చూడాలి. నా వాటా నీళ్ళు పీపాలో వస్తాయి. సగం నీళ్ళతో బతకడం నేర్చుకున్నది వృథా పోలేదు, మిగతా సగం గిన్నెలో పోసి మునసబు ఉండే రాళ్ళ దగ్గర పెడుతున్నాను.

మొదట్లో నేను దూరం పోతే గానీ తాగేవాడు కాదు. తర్వాత నేను వీపు తిప్పి కూర్చుంటే తాగాడు. ఒక్క మాట మాట్లాడను. సోములుకు కూడా సైగలే. నిన్న దగ్గు వచ్చింది, ఆ చప్పుడుకే వాడు పది బారలు వెనక్కి పోయాడు. ఈ గొంతు కోసి పారేద్దామా అన్నంత కోపం వచ్చింది, దాని మీద కాదు, దాన్ని పెట్టెలో పెట్టి ఇచ్చిన నా తెలివితక్కువతనం మీద. వాడి పేరు ఈ కాగితం మీద రాసుకోవడమే, ఇక నోటితో పలకడం నాకు ఈ జన్మకు లేదు.

ఈ రోజు పొద్దున రాతి మీద కూర్చుని గంజి తాగుతుంటే కాలికి వెచ్చగా ఏదో తగిలింది. తల తిప్పలేదు. ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. మునసబు నా పాదం వాసన చూశాడు, మోకాలు చూశాడు, చేతి వేళ్ళ మధ్య ఉప్పు నాకాడు. తర్వాత తీర్పు చెప్పినట్టు ఒకసారి తుమ్మి, నా పాదం మీద తల పెట్టి పడుకున్నాడు. నేను ఏడ్చాను, చప్పుడు రాకుండా ఏడ్చాను.

ఎండ ఎక్కే వేళకు కాపలా గుడిసెలో గోడ పెట్టె గురగురమంది. దిమ్మ నుంచి గట్టుకు కబుర్లు వచ్చేది దాంట్లోనే. ఇందుకు ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా కులాసా అని నాలుగు రోజుల కిందటే సోములు చెప్పాడు. ఇప్పుడు అతను గట్టు ఆ చివర ఉన్నాడు. తలుపు తీసే ఉంది, పెట్టె మాట బయటికి స్పష్టంగా వినపడింది.

"అక్కా."

మునసబు చెవులు లేచాయి. నావీ లేచే ఉంటాయి.

"అక్కా."

గంజి చెంబు కింద పెట్టాను. ఏమీ మారలేదు దాని గొంతు, చిన్నప్పుడు జడ వేయమని పిలిచినట్టే ఉంది. వెనకాల పసిబిడ్డ ఏడుపు లాంటిది కూడా వినిపించింది. ఇందే పిలుస్తోందో, ఇందు గొంతును ఎవరైనా నొక్కుతున్నారో నాకు తెలియదు. తెలుసుకోవడానికి మా ఇంట్లో ఒకే ఒక్క దారి ఉండేది, దాన్ని అదే పాడు చేసింది.

మూడోసారి కూడా పిలిచింది.

మునసబు తల ఎత్తి నా మొహం చూశాడు. నేను కదలకపోయేసరికి మళ్ళీ నా పాదం మీద తల పెట్టుకున్నాడు. మేమిద్దరమూ పలకలేదు.